ఎంత భూమి, ఎవరి పేర: ఆచార్య రంగా వాదము, దాని ప్రతివాదములపై ఒక సమీక్ష

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పల్ నుండి ఘట్‌కేసరునకు పోవు వరంగల్లు రహదారిపై నున్న నారపల్లి ఒక తరము వెనుకవరకు సేద్యమే ప్రధానముగా గల పల్లె. నేడు దాని పొలములలో పెక్కింటిని ఎకరములలో గాక గజములలో కొలుచుచున్నారు. 2018లో ఉప్పల్ వద్ద మొదలిడి ఆ యూరివరకు తలపెట్టిన ఎత్తువంతెన నిర్మాణము ఏండ్లతరబడి సాగుచుండగా, దానికి ఇరుప్రక్కల వెంచర్లు వెలసినవి, సేద్యపు బావులు పూడినవి. ఇట్టి పట్టణపు అంచు గ్రామములలో భూమిని గూర్చి ఏ తగవు వచ్చినను, అది పట్టా యెవరిది, రక్షిత కౌలు యెవరిది, ఇనామా, ప్రభుత్వము పేదలకు పంచిన అసైన్డు భూమియా, పరిమితికి మించెనని తీసికొన్న మిగులు భూమియా అను విచారణ వద్దకే చేరును. ఈ మాటలలో ఏదియు ఆ పల్లెలలో పుట్టలేదు. మద్రాసు, హైదరాబాదు శాసనసభలలోను, ఢిల్లీ పార్లమెంటులోను తెలుగు ప్రతినిధులు పాల్గొనిన సుదీర్ఘమైన వాదములనుండి అవి చట్టములై దిగివచ్చినవి.

ఆ వాదమునకు నడుమ నిలిచిన వ్యక్తి ఆచార్య గోగినేని రంగనాయకులు, లోకమున కెల్ల ఎన్.జి. రంగా. ఒక వర్గమువారికి ఆయన రైతుబాంధవుడు. వేరొక వర్గమువారికి భూపరిమితికి అడ్డునిలిచిన సంపన్నరైతుల న్యాయవాది. ఈ రెండు మాటలను అర్ధశతాబ్దిగా తిరుగవేసి తిరుగవేసి చెప్పుకొనుటచేత, ఆయన సభలో నిజముగా ఏమి వాదించిరో, ఆయనకు ఎదురుగా సుందరయ్య, రావి నారాయణరెడ్డి మొదలగువారు ఏమి వాదించిరో, నడుమనుండి చట్టము వ్రాసిన బూర్గుల రామకృష్ణారావు, పి.వి. నరసింహారావులు ఏమి సాధించిరో, స్పష్టముగా కనబడకుండ పోయినది. అందుచేత ఈ చర్చనంతను ఒకసారి వరుసగా నిలిపి చూచుట అవసరమని తోచినది.

పూర్వరంగము

తెలుగునేలపై భూమి ప్రశ్న రెండు పాలనలక్రింద రెండు రూపములుగా పెరిగినది. మద్రాసు రాజధానిలోని జిల్లాలలో వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురము వంటి జమీందారీలును, వానిని ఆనుకొని రైతు నేరుగా సర్కారునకే శిస్తు చెల్లించు రైతువారీ గ్రామములును ఉండెను. నిజాము రాజ్యమున దివానీ భూములు, జాగీరులు, ప్రభువు సొంత ఖర్చులకై ప్రత్యేకింపబడిన సర్ఫేఖాసు భూములు అని మూడు తెగలుండగా, వీని యన్నింటిపైనను దేశముఖుల ఆధిపత్యము, వెట్టిచాకిరి వ్యాపించియుండెను. అందుచే తీరాంధ్ర రైతునకు 'జమీందారు తొలగిన చాలు' ననిపించిన కాలమున, తెలంగాణ రైతునకు తాను దున్నుచున్న చెలకపై తన పేరు ఎక్కడనైనను వ్రాసియున్నదా అనునదే మొదటి సందేహముగ నుండెను. తరువాతి వాదములలో ఇరుప్రాంతముల నాయకులును ఒకరి మాట నొకరు సరిగా వినకపోవుటకు ఈ భేదమే కొంత కారణము.

1937లో మద్రాసున ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గమున రెవిన్యూ మంత్రిగా నుండిన టంగుటూరి ప్రకాశము అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘము ఏర్పడి, 1938లో భూమికి హక్కుదారు రైతే యని తేల్చినది. ఆ తీర్పు చట్టమగుటకు పదియేండ్లు పట్టి, 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినది. హైదరాబాదున 1949 ఆగస్టు 15న జాగీరుల రద్దు నిబంధన వెలువడినది. 1950లో కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చినది. 1951లో రాజ్యాంగమునకు మొదటి సవరణ చేసి, న్యాయస్థానములు కొట్టివేయకుండ కాపాడవలసిన చట్టములకై తొమ్మిదవ షెడ్యూలును చేర్చినప్పుడు, అందు చోటుచేసికొన్న పదుమూడు చట్టములలో రెండు హైదరాబాదు జాగీరులకు సంబంధించినవే.

ఇచట ఐర్లండును స్మరింపక తప్పదు. కౌలురైతు, భూస్వామి అను ప్రశ్నను బ్రిటిషు పార్లమెంటు మొదట ఆ దేశముకొరకే తీవ్రముగ చర్చించినది. 1885 నాటి బెంగాలు కౌలుదారీ చట్టము వ్రాసినవారు 1881 నాటి ఐరిషు భూచట్టమును ముందు పెట్టుకొనియే వ్రాసిరి. 1903 నాటి చట్టముతో ప్రభుత్వమే అప్పిచ్చి ఐరిషు కౌలురైతులను భూమి యజమానులను చేయబూనినది. మరల 1937 నాటి ఐరిషు రాజ్యాంగమునుండియే మన రాజ్యాంగకర్తలు ఆదేశసూత్రములను గ్రహించిరి. దున్నువాడు స్వతంత్రుడైన చిన్న యజమాని కావలెనను ఆదర్శమును, దేశసంపద సర్వజనహితముగ పంపిణీ కావలెనను ఆదేశమును, రెండును మనకు ఆ చిన్న ద్వీపమునుండి కొంత కొంత అందినవి. మన సభలలో ఈ రెండే పరస్పరము పెనగులాడినవి.

రంగా పక్షము

1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము నభ్యసించి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులై, 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించిన రంగాగారు అప్పటినుండి 1991 వరకు, కొలది విరామములు తప్ప, ఏదో ఒక సభలో కూర్చుండుచునే యుండిరి. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళము, గుంటూరు నియోజకవర్గములు వేర్వేరు కాలములలో ఆయనను లోక్‌సభకు పంపినవి. ఇంత దీర్ఘమైన సభాజీవితమున ఆయన పార్టీలు మారిరి గాని ప్రతిపాదన మారలేదు: సేద్యము చేయు కుటుంబమే దేశపు ఆర్థికవ్యవస్థకు పునాది, దానిని జమీందారునుండి ఎట్లు కాపాడవలెనో ప్రభుత్వమునుండియు అట్లే కాపాడవలెను.

ఈ ప్రతిపాదన పూర్వార్ధమున ఆయన విప్లవకారులతో కలిసి నడిచిరి. వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళనను నడపిన రంగా, నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును స్థాపించి కార్యకర్తలను తీర్చిన రంగా, 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినపుడు స్వామి సహజానందుని అధ్యక్షతక్రింద ప్రధానకార్యదర్శి యైన రంగా ఒక్కరే. రాజ్యాంగసభలో లక్ష్యనిర్ణయ తీర్మానముపై మాట్లాడుచు, ఈ దేశమున నిజమైన అల్పసంఖ్యాకులు మతములవారు కారనియు, విద్యకును అధికారమునకును దూరమైయున్న కోట్లాది సామాన్యజనులే యనియు ఆయన వాదించిరి. సంఖ్యలో అధికులై బలమున అల్పులైనవారికి హక్కు కాగితముపై నుండిన చాలదు, దానిని వాడుకొను స్థితియు కల్పింపవలెనని ఆ వాదముయొక్క సారము. సామాజికనీతిపై తెలుగు శాసనకర్త లెవరు చెప్పిన మాటలలోనైనను ఇది మిక్కిలి బలమైనదని నా యభిప్రాయము.

ఉత్తరార్ధము 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభతో ఆరంభమైనది. భూపరిమితి విధించి, మిగులు భూమిని గ్రామ పంచాయతీలకు అప్పగించి, క్రమముగా సమష్టి సహకార సేద్యమునకు దారితీయవలెనని ఆ సభ తీర్మానించినది. రంగాగారు కాంగ్రెసును వీడి, రాజగోపాలాచారి, మినూ మసానీలతో కలిసి అదే యేట స్వతంత్ర పార్టీని నెలకొల్పి దానికి అధ్యక్షులైరి. విత్తనములు, ఎరువులు, అప్పు, అమ్మకము వీనికొరకు సహకారసంఘములుండుటకు ఆయన విరోధి కారు. ఆయన ప్రతిఘటించినది గట్లు చెరిపి భూమిని ఒకటిగా చేయు పద్ధతిని. గట్టు చెరిగినచో రైతు కూలివాడగునని, కూలివాడైనవాడు అధికారికి ఎదురు చెప్పజాలడని ఆయన భయము. ఆనాటి చీనా, రష్యా దేశములలో సమష్టి క్షేత్రముల పేర రైతులకు జరిగినదానిని ఎరిగిన నేటివారు ఆ భయమును తేలికగా త్రోసిపుచ్చలేరు.

దీనితోబాటు ఆయన పక్షమువారు లేవదీసిన మరియొక ప్రశ్నకు ఎదుటి పక్షము సరియైన సమాధానము చెప్పలేదు. పల్లెలో ముప్పది యెకరముల చెలకపై పరిమితి విధించు ప్రభుత్వము, పట్టణమున భవనములపైనను, కర్మాగారముల వాటాలపైనను, ఉద్యోగుల వేతనములపైనను ఎందుకు విధింపదు? సమానత్వము ధర్మమైనచో అది పొలిమేర వద్ద ఎందుకు ఆగవలెను?

ఈ పోరాటమునకు పరాకాష్ఠ పదునేడవ రాజ్యాంగ సవరణ. 1961లో సుప్రీంకోర్టు కేరళ చట్టముపై కున్హికోమన్ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, రైతువారీ భూములు 'ఎస్టేటు' అను మాటలోనికి రావని నిర్ణయింపగా, ఆ నిర్వచనమును విస్తరించి రైతువారీ భూములనుగూడ దానిలో చేర్చుటకు, నలువదినాలుగు చట్టములను తొమ్మిదవ షెడ్యూలున రక్షించుటకు ప్రభుత్వము ఈ సవరణను తెచ్చినది. అది 1964 జూన్ 20న అమలునకు వచ్చినది. ఆ చట్టములలో 1961 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టము ఒకటి. జమీందారునకును, వాని క్రింద నలిగిన రైతునకును ఒకే పేరు పెట్టి ఇరువురిని ఒకే గాటకు కట్టుట అన్యాయమని రంగాగారు లోక్‌సభలోను వెలుపలను తీవ్రముగ ప్రతిఘటించిరి. సవరణ నెగ్గినది, కాని దానిలోనే ఒక రక్షణవాక్యము చేరినది. పరిమితికి లోబడి, స్వయముగ సాగుచేసికొను భూమిని ప్రభుత్వము తీసికొనదలచినచో మార్కెట్టు విలువకు తగ్గని పరిహారము చెల్లించితీరవలెను. ఆ వాక్యమునకు ఏ ఒక్కని ప్రసంగమును కారణమని చెప్పరాదు. అయినను రంగాగారు ముప్పదియేండ్లుగా చెప్పుచుండిన భేదము, స్వయముగ దున్నువాడు వేరు, దున్నించి తినువాడు వేరు అనునది, రాజ్యాంగములో అచ్చముగ ఆ చోటనే ఎక్కినది.

ఆయన వాదములో లోపము కూడ ఆ చోటనే యున్నది. 'రైతు' అను మాటక్రింద ఆయన రెండెకరముల ఆసామిని, రెండువందల ఎకరముల ఆసామిని కలిపియే రక్షింపజూచిరి. కృష్ణా, గోదావరి ఆయకట్టులలో భూమిని కౌలుకిచ్చి పట్టణము చేరిన యజమాని రైతుగానే గణింపబడగా, ఆ భూమిని దున్నుచున్న కౌలుదారును, నాటు వేసిన కూలి స్త్రీయు ఆ లెక్కలో కనబడలేదు. స్వయంకృషియే హక్కునకు మూలమైనచో, ఆ న్యాయము మొదట వారికే చెందవలసియుండెను.

ఎదుటి పక్షము

పుచ్చలపల్లి సుందరయ్య పట్టుకొన్నది ఈ లోపమునే. 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో కలిగిన కుటుంబమున పుట్టియు, ఆయన తన ప్రజాజీవితపు తొలినాళ్లలోనే వ్యవసాయ కూలీల సంఘమును నెలకొల్పిరి. రైతుసంఘమున్న చాలును, కూలీలకు వేరు సంఘమెందుకు అనువారికి ఆ కార్యమే జవాబు. 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షమునకు నాయకులై, తరువాత గన్నవరము నుండి శాసనసభకు ఎన్నికై, ఆయన ప్రతిసభలోను పట్టుదలతో వినిపించిన వాదము ఒకటే: ఉత్పత్తి పెరుగుటకు, పల్లెలో మనిషి తలయెత్తుకొనుటకు, రెండింటికిని మొదటి మెట్టు భూమి పంపిణీ. ఆయన ప్రసంగముల బలము వాగ్ధాటిలో గాక, గ్రామములవారీగా సేకరించిన లెక్కలలో నుండెడిదని ఆ పక్షమువారును ఇతరులును అంగీకరింతురు.

నారపల్లికి సమీపముననే, భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి ఇదే పక్షమున మరియొక స్వరము. 1941లో చిలుకూరులోను, 1944లో భువనగిరిలోను నిజాము రాజ్యమునందలి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించి, దానిని వినతిపత్రముల సభనుండి రైతుకూలీల ఉద్యమముగ మార్చిన ఆయన, తన భూమిని పేదలకు పంచి, 1952లో నల్లగొండ నుండి లోక్‌సభకు దేశములోనే అత్యధికమైన ఓట్లతో ఎన్నికైరి. తెలంగాణ సాయుధపోరాటమును 1948 పిమ్మట కొనసాగించుట తగదని తన పార్టీలోనే వాదించినవారు ఆయన; పోరాటమున ప్రజలు పొందినదానిని చట్టముచే స్థిరపరచుటయే సభలో ప్రవేశించినవారి కర్తవ్యమను నమ్మిక ఆ వాదమున నున్నది. అదే యెన్నికలలో ఆలేరు నుండి హైదరాబాదు శాసనసభకు వచ్చిన ఆరుట్ల కమలాదేవి పోరాటమున ఆయుధము పట్టిన స్త్రీలలో ఒకరు. ప్రతిపక్షనాయకుడు వి.డి. దేశ్‌పాండేతో కలిసి ఆమెయు ఆ పక్షపు ఇతర సభ్యులును ఆ సభలో వాదించినది పరిమితి సంఖ్యను గూర్చి మాత్రమే కాదు, కౌలుదారుల తొలగింపును గూర్చి. ఆనాటి హైదరాబాదు సభ చర్చ మద్రాసు, ఢిల్లీ చర్చలకంటె నేలకు దగ్గరగ నుండుటకు కారణమిదియే.

వీరి వాదమునకును ఒక హద్దు కలదు. పంచిన భూమిపై పేదవాడు నిలద్రొక్కుకొనుటకు నీరు, అప్పు, ధర కావలెను; ధరల ప్రశ్నను రంగాగారు ఎంత పట్టుదలతో అడిగిరో, భూపంపిణీవాదులు అంతగా అడుగలేదు. భూమి చేతికివచ్చిన కుటుంబము అప్పునకు దానిని మరల కోల్పోయిన సందర్భములు తెలుగుదేశమున కొల్లలు.

నడిమి దారి: చట్టము వ్రాసినవారు

ఇరుపక్షముల నడుమ కలము పట్టి చట్టము వ్రాసినవారి కథ అన్నింటికంటె ఉపదేశకరమైనది. బూర్గుల రామకృష్ణారావు 1950లో ముఖ్యమంత్రి వెల్లోడి ప్రభుత్వమున రెవిన్యూ మంత్రిగను, 1952 నుండి ముఖ్యమంత్రిగను కౌలుదారీ చట్టమును నడపిరి. నిర్ణీతకాలము భూమిని దున్నియున్నవానికి 'రక్షిత కౌలుదారు' అను హోదానిచ్చి, వానిని తొలగింపరాదని చెప్పి, 1954 సవరణతో 38-ఇ అను విభాగమును చేర్చి, ప్రకటించిన ప్రాంతములలో ఆ కౌలుదారునకే యాజమాన్యము సంక్రమించునట్లు చేసిన ఈ చట్టము, చదువుటకు ఆనాటి దేశములోని ఉత్తమశాసనములలో ఒకటి.

అమలు వేరుగ నుండెను. 1958లో వెలువడిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో పరిశోధన చెప్పినదానిని బట్టి, 1951లో గుర్తింపబడిన ప్రతి నూర్గురు రక్షిత కౌలుదారులలో మూడు నాలుగేండ్లు గడచునప్పటికి ఆ హోదాతో మిగిలినవారు సుమారు నలువదియైదుగురే. పండ్రెండుమంది భూమిని కొనుగోలు చేసిరి. చట్టబద్ధముగ తొలగింపబడినవారు ఇద్దరు ముగ్గురు మాత్రమే కాగా, చట్టవిరుద్ధముగ తొలగింపబడినవారు ఇరువదిరెండుగురు, 'స్వచ్ఛందముగ' వదలుకొన్నవారు ఇంచుమించు పదునెనిమిదిమంది. దొర యెదుట నిలిచి సంతకము చేసినవాని స్వచ్ఛందత ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. నూటికి నలువదిమంది విషయమున శాసనము పనిచేయక ముందే పని ముగిసినది.

అదే కాలమున, 1954-55లో, తెలంగాణ గ్రామములలో ఖాస్రా పహాణీ తయారైనది. పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అని గడులు గీచి, సర్వేనంబరు వారీగ పట్వారీ నింపిన ఆ దస్తావేజు నేటికిని ఈ ప్రాంతపు భూవివాదములలో మొదట తెరువబడు కాగితము. సభలో ఎంత భూమి ఉండవచ్చునని మహావాదములు జరుగుచున్న దినములలోనే, పల్లెలో ఎవరి పేర భూమి ఉండవలెనో ఒక పట్వారీ కలము నిర్ణయించుచుండెను. సభలోని మేధావులలో ఏ పక్షమువారును ఆ గడులపై అంతటి శ్రద్ధ చూపకపోవుటయే ఈ మొత్తము చర్చలోని పెద్ద లోటని నేను భావించుచున్నాను.

1961 నాటి భూపరిమితి చట్టము ఉదారమైన హద్దులతోను, విశాలమైన మినహాయింపులతోను వచ్చి దాదాపు నిష్ఫలమైనది. 1971లో ముఖ్యమంత్రియైన పి.వి. నరసింహారావు, తానును భూస్వామి యయ్యును, ఆ లోపమును సవరింప పూనుకొని, 1972 మే 2 నుండి భూముల బదిలీని నిలిపివేసి, పిమ్మట మాగాణికి పది నుండి ఇరువదియేడు, మెట్టకు ముప్పదియైదు నుండి ఏబదినాలుగు ఎకరములు హద్దుగ క్రొత్త చట్టమును సభచే ఆమోదింపజేసిరి. 1973లో మొదటి చట్టముగ నమోదైన అది అమలునకు వచ్చినది 1975 జనవరి 1న. అప్పటికి ఆయన పదవిలో లేరు. ఆయన పదవిని వీడుటకు దారితీసిన, ప్రత్యేకాంధ్రను కోరిన జై ఆంధ్ర ఉద్యమమునకు, ఉద్యోగములలో స్థానికుల ప్రాధాన్యమును సమర్థించిన ముల్కీ తీర్పు ప్రత్యక్ష కారణమే యయినను, భూపరిమితిపై సంపన్నవర్గములకు గల ఆగ్రహమును దానికి తోడ్పడినదని పలువురు చరిత్రకారులు భావింతురు. ఎంతవరకు తోడ్పడినదను విషయమున మాత్రము ఏకాభిప్రాయము లేదు.

సభకు వెలుపల

భూమి పంపిణీని చట్టసభ చేయజాలదనినవారు రెండు విధములవారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాభావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములు దానమిచ్చుటతో ఆరంభమైన భూదానము హృదయపరివర్తనను నమ్మినది. దానపత్రములు పెరిగినంతగ పంపకము జరుగలేదు, నగరము చుట్టునున్న భూదాన భూములపై వివాదములు నేటికిని ముగియలేదు. తరిమెల నాగిరెడ్డి మార్గము దీనికి విపరీతము. 1952లో జైలునుండియే అనంతపురమున నీలము సంజీవరెడ్డిపై గెలిచిన ఆ నాయకుడు 1969 మార్చిలో శాసనసభ్యత్వమునకు రాజీనామా చేయుచు, భూమి సమస్యను ఈ సభలు పరిష్కరింపజాలవని సభలోనే ప్రకటించి వెడలిపోయెను. ఆ నిర్ణయముతో ఏకీభవింపనివారును ఖుస్రో లెక్కలను చదివిన పిమ్మట ఆయన నిరాశకు మూలము లేదని చెప్పజాలరు.

పక్షములను ప్రక్కప్రక్కన నిలిపి

హక్కునకు మూలమేది అని అడిగిన, రంగాగారు స్వయంకృషి అందురు, సుందరయ్య శ్రమ అందురు. ఈ రెండును దూరమైన మాటలు కావు. భేదము కూలి పెట్టి చేయించు సేద్యము వద్ద వచ్చును: మొదటివారి దృష్టిలో అదియు స్వయంకృషిలోనిదే, రెండవవారి దృష్టిలో అది ఇతరుల శ్రమ. రాజ్యముపై నమ్మకము విషయమున ఇరువురు మరింత దూరులు. రంగాకు అధికారి కొత్త జమీందారు. సుందరయ్యకు ప్రజలు కావలికాసినంతవరకు రాజ్యము సాధనము. బూర్గుల, పి.వి.లకు రాజ్యముపై నమ్మకము కలదు గాని, గ్రామమున దానిని నడపు చేతులు ఎవరివో అను విచారణ తక్కువ. నాగిరెడ్డికి ఆ చేతులు తప్ప వేరేమియు కనబడలేదు.

ధర, అప్పు, మార్కెట్టు అను అంశములలో రంగాగారి కృషిని ఇతరులెవరును మించలేదు. కూలి, కౌలు అను అంశములలో కమ్యూనిస్టు సభ్యుల కృషి మిన్న. ఈ రెండును కలియవలసిన చోటు ఒకటి యుండెను: చిన్న కౌలురైతు. అతడు స్వయముగ దున్నువాడు గనుక రంగా న్యాయమునకు పాత్రుడు, భూమి లేనివాడు గనుక సుందరయ్య న్యాయమునకును పాత్రుడు. అతనికొరకు ఇరుపక్షములు కలిసి ఒక శాసనమును పట్టుబట్టి సాధింపకపోవుట తెలుగువారి సభాచరిత్రలో పూడని లోటు.

పొలిమేర దాటిన ప్రశ్న

పట్టణపు ఆస్తికి పరిమితి ఎందుకు లేదను రంగా పక్షపు ప్రశ్నకు 1976లో పట్టణ భూపరిమితి చట్టము రూపమున జవాబు వచ్చినది. హైదరాబాదు పట్టణసముదాయమున ఒక్కొక్కరికి వేయి చదరపు మీటర్ల ఖాళీస్థలమే హద్దు. ఉప్పల్, నాచారము పొలములు పారిశ్రామికవాడలుగను కాలనీలుగను మారుచున్న దశాబ్దములలో అమలులో నుండిన ఆ చట్టమును 1999లో పార్లమెంటు రద్దుచేసినది. ఆ రద్దును ఆంధ్రప్రదేశ్ 2008లో స్వీకరించినది. అనగా నేడు నారపల్లి వంటి యూర ఒకే సర్వేనంబరు మెట్టగ నున్నంతకాలము పరిమితికి లోబడియుండి, ఇండ్లస్థలముగ మారిన మరునాటినుండి ఏ పరిమితియు లేనిదగుచున్నది. రంగాగారు సమానత్వమును కోరిరి. వచ్చిన సమానత్వము తాత్కాలికమై, మరల పల్లెకే హద్దు మిగిలినది. పేదలకు పంచిన అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టము నిషేధించినను, నగరము చేరువైన చోట ఆ భూములు చేతులు మారుచునే యున్నవి. పెరిగిన విలువలో తొలి గ్రహీతకు దక్కినది అత్యల్పము.

తేలని విషయములు

స్త్రీల భూహక్కు ఈ చర్చలో చిరకాలము మాటకైన రాలేదు. భూపరిమితి చట్టము వయోజనుడైన కుమారునికొరకు కుటుంబపు హద్దును పెంచుటకు వీలు కల్పించినది. వయోజనురాలైన కుమార్తెకొరకు కల్పింపలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వము 1986లో హిందూ వారసత్వ చట్టమును సవరించి కుమార్తెలకు పిత్రార్జితమున సమభాగ మిచ్చినది; దేశమంతటికి అది 2005లో వచ్చినది. ఆయుధపాణియై పోరాడిన కమలాదేవి తరము సభలో నుండియు ఈ అంశము ఇంత ఆలస్యముగ వచ్చుటకు, ఇరుపక్షములకును 'కుటుంబము' అనగా పురుషుని పేరనే తోచుట కారణమై యుండవచ్చును.

కౌలు విషయము మరింత చిక్కుపడినది. 2011లో ఆంధ్రప్రదేశ్ సభ ఆమోదించిన సాగుదారుల చట్టము గ్రామసభలలో కౌలురైతును గుర్తించి రుణ అర్హత కార్డు నిచ్చు పద్ధతి తెచ్చినది. 2018లో తెలంగాణమున ఆరంభమైన రైతుబంధు పంటకాలమునకు ఎకరమునకు నాలుగువేల రూపాయలు చొప్పున పట్టాదారునకే చెల్లించినది. దున్నుచున్న కౌలుదారు దాని పరిధిలో చేరలేదు. 2020లో వచ్చిన ధరణి దస్తావేజులలో అనుభవదారు గడి తొలగిపోయినది. 2025లో భూభారతి చట్టము దాని స్థానమును ఆక్రమించినది. 1954లో పట్వారీ నింపిన రెండు గడులలో ఒకటి ఈ మార్పుల నడుమ ఏమగునను విషయముపై సభలో జరుగవలసినంత చర్చ జరుగలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టము పదునొకండు నెలల పత్రమునకు భూయజమాని సంతకమును తప్పనిసరి చేసినది. సంతకము పెట్టినచో హక్కు పోవునని యజమాని భయము. సంతకము లేనిచో బ్యాంకు అప్పు, పంటనష్టపు పరిహారము రెండును రావు. 1964 నాటి రక్షణవాక్యము స్వయముగ సాగుచేయువానికి కల్పించిన గౌరవమును ఈ కౌలురైతునకు అందింపవలెనన్నచో, యజమాని హక్కునకు భంగము లేదని మొదటి నిబంధనలోనే చెప్పి, సాగుచేయువాని పేరును యజమాని సంతకముతో పనిలేక గ్రామసభ యెదుట నమోదు చేయు విధానము కావలెను. 2011 చట్టములో అట్టి విధానము కొంత యున్నది; దానిని ఏల సరిగా నడపలేదో, మరల ఏల యజమాని సంతకమునకే వచ్చితిమో, ఏ సభయు ఇంతవరకు కూలంకషముగ విచారింపలేదు.